పాత మోడల్ రైలుకు వేలంలో పాట పెట్టేముందు ఇంజన్‌ను తిరగేసి చూపించమనండి

తిరుపతి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఆన్‌లైన్ వేలంలో పాత హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు సెట్ ఒకటి కనిపించింది. డబ్ల్యుడీఎం-2 డీజిల్ ఇంజన్, మూడు నీలం రంగు ఐసీఎఫ్ (చెన్నై పెరంబూరు ఫ్యాక్టరీ తరహా) కోచ్‌లు, నల్ల ప్లాస్టిక్ దిమ్మె మీద బిగించిన కొంత ట్రాక్, అమెరికాలో కొన్న పవర్ ప్యాక్ (ట్రాక్‌కు కరెంటు ఇచ్చే పెట్టె). '1980ల నాటి వింటేజ్, చాలా రేర్, షోకేసులో ఉన్నది, అన్‌టెస్టెడ్' అని అమ్మేవారు రాశారు. 24,000 దగ్గర మొదలైన పాట 31,500కి చేరింది, ఇంకా రెండు రోజులు గడువుంది. ఫొటోలు నాలుగు, నాలుగూ పక్కనుంచి తీసినవే. ఎంతదాకా పోవచ్చు?

ఈ ఫొటోలతో అయితే ఇప్పుడున్న పాటలో సగం కూడా పెట్టనక్కర్లేదు. మోడల్ ఇంజన్ విలువ మూడొంతులు కిందనే ఉంటుంది: మోటారు, గేర్లు, ఇరుసులు, ఛాసిస్ (కింది చట్రం). పైబాడీకి రంగు ఎవరైనా వేస్తారు. ఇంజన్‌ను బోర్లా పెట్టి తీసిన ఒక్క ఫొటో కూడా పెట్టలేదంటే, ఆ కింది భాగంలో చూపించడానికి ఏమీ లేదన్న లెక్కలోనే పాట పెట్టాలి. పశువుల సంతలో పళ్లు చూడకుండా ఎద్దుకు బేరం ఆడం కదా.

ముందు ఆ 'వింటేజ్' సంగతి. లేత నీలం, ముదురు నీలం కలిసిన ఐసీఎఫ్ రంగులు అసలు రైళ్లకే 1990ల చివర్లో వచ్చాయి. అంతకు ముందు మన రైళ్లు చాలావరకు ఇటుక ఎరుపు. కాబట్టి నీలం కోచ్‌లు 1980ల నాటి మోడళ్లు కావు; లేదా పాత కోచ్‌లకు తర్వాత ఎవరో రంగు మార్చారు. రెండింట్లో ఏదైనా ప్రకటనలో ఉన్న మాట తప్పే. ఇలాంటి తారీఖు తప్పు ఒకటి కనిపిస్తే మిగతా మాటలను కూడా అదే అనుమానంతో చదవండి. విదేశీ సెట్లకైతే పెట్టె కింద, ఛాసిస్ మీద ఉండే దేశం పేరు చూడాలి. బ్రిటన్ మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ తన తయారీని 1990ల రెండో సగంలో ఇంగ్లండ్‌లోని మార్గేట్ నుంచి చైనాకు తరలించింది. చైనా ముద్ర ఉన్న హార్న్‌బీని '1970ల పీసు' అంటే నమ్మాల్సిన పని లేదు.

తర్వాత కొలతలు. పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫొటో తీయమని అడగండి. దీనికి అమ్మేవారికి రెండు నిమిషాలు చాలు, మీకు మాత్రం చాలా సంగతులు తేలతాయి. హెచ్‌ఓ అంటే 87వ వంతు. అసలు ఐసీఎఫ్ కోచ్ బాడీ పొడవు 21.337 మీటర్లు, అంటే మోడల్ 245 మి.మీ. ఉండాలి. వెడల్పు 3.245 మీటర్లు, మోడల్‌లో సుమారు 37 మి.మీ. కొత్త తరహా ఎల్‌హెచ్‌బీ కోచ్ బాడీ 23.54 మీటర్లు, మోడల్‌లో 270 మి.మీ. డబ్ల్యుడీఎం-2 బఫర్ నుంచి బఫర్‌కు 17.12 మీటర్లు, మోడల్‌లో 197 మి.మీ. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పట్టించుకోవద్దు. కోచ్ 200 మి.మీ. దగ్గర తేలితే అది ఏదో యూరప్ లేదా అమెరికా కోచ్‌కు నీలం రంగు పూసిందో, మలుపుల్లో తిరగడానికి కావాలని కురచ చేసిందో అయ్యుంటుంది. కురచ కోచ్ తప్పేమీ కాదు, చిన్న ట్రాక్ మీద హాయిగా తిరుగుతుంది. కానీ దాన్ని 'ఖచ్చితమైన స్కేల్' అని అమ్మితే రేటు తగ్గించి అడగాలి. 280 మి.మీ. ఉంటే అది హెచ్‌ఓ కాదు, 76వ వంతు ఓఓ. ఓఓ, హెచ్‌ఓ రెండూ 16.5 మి.మీ. ట్రాక్ మీదే నడుస్తాయి కాబట్టి అమ్మేవారికి కూడా తేడా తెలియకుండా కలిసిపోతుంటాయి.

ఇంజన్ విషయానికి వస్తే కొలతకన్నా చక్రాలే ఎక్కువ చెబుతాయి. డబ్ల్యుడీఎం-2 అమెరికన్ కంపెనీ ఆల్కో డిజైన్, వారణాసిలో 1964 నుంచి మనమే చేసుకున్నాం. దాని కింద రెండు బోగీలు (పెట్టెలు కాదు, చక్రాలు బిగించే చట్రాలు), ఒక్కోదానికి మూడు ఇరుసులు. ఆ మూడింటి మధ్య దూరం సమానంగా ఉండదు: ఒక జత దగ్గరగా, మూడోది ఎడంగా. ఈఎండీ అనే మరో అమెరికన్ కంపెనీ తరహా ఇంజన్ మోడళ్లలో ఈ ఎడం దాదాపు సమానం. మీరు చూసిన ఇంజన్‌లో మూడు ఇరుసులూ సమాన దూరంలో ఉన్నాయా, లేక బోగీకి రెండే ఇరుసులున్నాయా చూడండి. అలా ఉంటే దొరికిన పాత ఛాసిస్ మీద రెజిన్‌తోనో త్రీడీ ప్రింటర్‌తోనో చేసిన బాడీ తొడిగి, చేత్తో రంగు వేసి, 'రేర్ ఇండియన్ మోడల్' అని పాటకు పెట్టారన్నమాట. ఇలాంటి వాటిలో కొన్ని నిజంగా ఓపికతో చేసినవి ఉంటాయి, వాటికి డబ్బు పెట్టడం తప్పు కాదు. ఎక్కువ భాగం మాత్రం బాడీ లోపల మోటారు ఊగుతూ, బరువు చాలక చక్రాలు జారుతూ ఉంటాయి.

ట్రాక్ వెడల్పు విషయంలో ఒక చిన్న మోసం ఉంది. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., 87తో భాగిస్తే 19.26. అయినా ఇండియన్ హెచ్‌ఓ మోడళ్లు దాదాపుగా మామూలు 16.5 మి.మీ. పట్టాల మీదే నడిచేలా చేస్తారు, అది లోపం కాదు. 'అచ్చమైన బ్రాడ్ గేజ్' అని ఎక్కువ రేటు అడిగితే అది నడిచే పట్టాల మధ్య దూరం కొలిచి చూపించమనండి. నిజంగా 19 మి.మీ. దాటితే మీ దగ్గరున్న ట్రాక్ మీద అది అసలు నడవదు. ఒకప్పటి మీటర్ గేజ్ పాకాల–ధర్మవరం లైను మీద అభిమానం ఉన్న చిత్తూరు వాళ్లు వైడీఎం-4 మీటర్ గేజ్ డీజిల్ ఇంజన్ కోసం వెతుకుతుంటారు. మీటర్ గేజ్‌కు హెచ్‌ఓలో సరైన ట్రాక్ 12 మి.మీ. అదే బాడీని 16.5 ఛాసిస్ మీద తొడిగితే ఇంజన్ పొట్టిగా, చక్రాలు బయటికి తేలినట్టుగా కనిపిస్తుంది. ముందునుంచి తీసిన ఫొటో ఒక్కటి చాలు, తెలిసిపోతుంది.

బాడీ దేనితో చేశారో కూడా అడగాలి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన బాడీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో అలిపిరి దగ్గర ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంతకన్నా వేడెక్కుతుంది. కొరియర్ వ్యాను కూడా అంతే. అలా వంగిన బాడీని సరిచేయలేం. ఫొటోను పెద్దది చేస్తే పైకప్పు వంపు మీద మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి, ప్రింట్ చేసినదానికి గుర్తు అదే. రంగు మందంగా ఉంటే రివెట్లు, తలుపు గీతలు పూడిపోతాయి. అక్షరాల చుట్టూ మెరిసే అంచు కనిపిస్తే అవి స్టిక్కర్లు, రెండు ఎండాకాలాలు దాటితే అంచులు లేస్తాయి.

అన్నిటికన్నా ఖరీదైన జబ్బు ఛాసిస్‌లో ఉంటుంది. పాత ఇంజన్ల ఛాసిస్‌లు, బరువు దిమ్మెలు చాలావరకు జింక్ మిశ్రమంతో పోతపోసినవి. ఆ జింక్‌లో సీసం, తగరం లాంటివి కొంచెం ఎక్కువ కలిసినా ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలినుంచి ఉబ్బి, పగుళ్లు తేలి, చివరికి పిండిలా రాలుతుంది. దీన్ని జింక్ పెస్ట్ అనీ మజాక్ రాట్ అనీ అంటారు. 1929 నాటికే 99.99 శాతం శుద్ధమైన జింక్‌తో నమ్మకమైన మిశ్రమం చేయడం తెలిసినా, చవక పోతల్లో ఈ తప్పు మొన్నమొన్నటిదాకా జరుగుతూనే ఉంది. హార్న్‌బీ క్లాస్ 31 డీజిల్ ఇంజన్ ఛాసిస్‌లు దీనికి పేరుమోసినవి. వేడి, తేమ దీన్ని తొందరపెడతాయి. మన దగ్గర అక్టోబరు, నవంబరు వానలు, తర్వాత మే ఎండలు. ఇంగ్లండ్‌లో ఇంకా నిలబడిన ఛాసిస్ ఇక్కడ ఎక్కువ కాలం ఆగకపోవచ్చు. గుర్తులు: బాడీ మధ్యలో పైకి ఉబ్బడం, చివరల్లో ఛాసిస్ బయటికి పొడుచుకు రావడం, లోహం మీద జుట్టంత సన్నని పగుళ్లు, ఇంజన్ అరటిపండులా వంగడం. దీనికి మందు లేదు. జిగురుతో అతికించినా ఉబ్బుతూనే ఉంటుంది. ఈ గుర్తు ఒక్కటి కనిపించినా దాన్ని స్పేర్ పార్టుల రేటుకే చూడండి.

బాచ్‌మన్ కంపెనీ పాత ఓఓ ఇంజన్లలో ఛాసిస్ రెండు లోహపు సగాలుగా ఉండి, ఇరుసు మధ్యలో ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. ఆ గొట్టం పగిలితే రెండు వైపుల చక్రాల పొంతన తప్పి ఇంజన్ కుంటుతుంది. ఇటలీ కంపెనీ లిమా ఇంజన్లు చవగ్గా దొరుకుతాయి. గుండ్రని పాన్‌కేక్ మోటారు, పెద్ద అంచుల చక్రాలు. ఆ అంచులు ఎత్తు తక్కువ ఉండే కోడ్ 75 పట్టాల్లో స్లీపర్ల మీద దబదబ కొడతాయి. కోడ్ 100 పట్టాలుంటే ఫరవాలేదు. జర్మనీ కంపెనీ మెర్క్లిన్ అయితే అసలు పద్ధతే వేరు: ఏసీ కరెంటు, మధ్యలో మూడో స్పర్శ. దాని చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు, మామూలు రెండు పట్టాల ట్రాక్ మీద పెడితే వెంటనే షార్ట్ అవుతుంది. ఇంజన్ పొట్ట కింద పొడవాటి రేకు స్లైడర్ కనిపిస్తే అది మెర్క్లిన్ తరహాదే.

ఇక 'అన్‌టెస్టెడ్' మాట. దీని అర్థం ఎక్కువసార్లు టెస్ట్ చేశారు, నడవలేదు అని. 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైరు ముక్కలు ఉంటే ఎవరైనా చక్రాలు తిప్పి చూడగలరు. కాబట్టి వీడియో అడగండి. పక్కన చీటీ మీద ఆ రోజు తేదీ రాసి పెట్టాలి. ఇంజన్ ముందుకు, వెనక్కు, మెల్లగా కనీసం ఒక మీటరు నడవాలి. సౌండ్ ఆపకూడదు, వెనక పాట పెట్టకూడదు. 'వీడియో పెట్టండి సామీ' అంటే వంద సాకులు చెప్పేవారి దగ్గర కొనకండి.

వీడియోలో చూడడం కన్నా వినడం ముఖ్యం. చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కో 'టిక్' అని వినిపిస్తే ఇరుసు మీద గేరు పగిలింది. గేరును ఇరుసుకు బిగుతుగా ఎక్కించడం వల్ల ప్లాస్టిక్ ఏళ్ల తరబడి లాగబడి చీలుతుంది. అమెరికన్ హెచ్‌ఓ ఇంజన్లలో, ముఖ్యంగా ప్రోటో 2000 రకంలో ఇది బాగా మామూలు. అలాంటి గేరు ఎసిటాల్ ప్లాస్టిక్‌తో చేసింది, సూపర్ గ్లూ దాన్ని పట్టదు. పళ్ల సంఖ్య, ఇరుసు మందం లెక్కపెట్టి కొత్తది తెప్పించాల్సిందే. మోటారు బుయ్ మని తిరుగుతూ చక్రాలు కదలకపోతే గేరు పూర్తిగా జారిపోయింది. కీచుమంటే బేరింగు ఎండిపోయింది, ఒక బొట్టు ఆయిల్‌తో పోతుంది. ఒకేచోట ఆగి ఆగి నడిస్తే పట్టా మురికి. లైటు వెలిగి మోటారు కదలకపోతే బ్రష్‌లు అరిగాయి లేదా పాత గ్రీజు గట్టిపడింది. చక్రాలు తిరుగుతూ ముందుకు పోకపోతే రబ్బరు టైర్లు గట్టిపడ్డాయి. చివరి నాలుగూ చిన్న ఖర్చులే, వాటిని చూసి వెనక్కు తగ్గకండి, రేటు తగ్గించి అడగండి.

డీసీసీ అంటే డిజిటల్ సిగ్నల్‌తో ఇంజన్‌ను నడిపే పద్ధతి. 'డీసీసీ రెడీ' అని రాస్తే లోపల సాకెట్ మాత్రమే ఉందని, చిప్ లేదని అర్థం. 'డీసీసీ ఫిట్టెడ్' అంటేనే చిప్ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి రాసి చిప్ రేటు కూడా రాబట్టడం ఈ వేలాల్లో చూస్తూనే ఉంటాం.

పాట ఎలా పెట్టాలన్నది. అడిగే రేటు రేటు కాదు, అమ్ముడైన రేటే రేటు. ఈబే లాంటి సైట్లలో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించే ఫిల్టరు ఉంటుంది. అదే మోడల్, అదే కండిషన్‌లో చివరిగా పోయిన మూడు నాలుగు ధరలు రాసుకోండి. వాటిలో ఎక్కువదాన్ని వదిలేయండి, ఇద్దరు పంతం పట్టిన పాట అది. మిగతావాటి సగటు నుంచి రిపేరు ఖర్చు తీసేస్తే మీ గరిష్ఠ పాట. దాన్ని కాగితం మీద రాసుకుని చివరి నిమిషంలో ఒక్కసారే పెట్టండి. ముందే పెడితే పాట ఎక్కించడానికి రెండు రోజుల సమయం ఇచ్చినట్టు. పాట పెట్టిన ఐడీలను కూడా చూడండి. గతంలో ఏమీ కొనని ఐడీ ఒకటి, ఈ ఒక్క అమ్మకందారు వస్తువుల మీదే పాడుతూ, చివర్లో మాయమైతే అది అమ్మేవారి మనిషే. 'కొన్నవారు డబ్బు కట్టలేదు' అని అదే వస్తువు వారానికి మళ్లీ పాటకు వస్తే ఇంకేం అడగనక్కర్లేదు. సైటు బయట యూపీఐ చేస్తే తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. అలా కట్టాక వస్తువు రాకపోతే సైటు వాళ్లు పట్టించుకోరు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వ్యాపారి నుంచి కొని గొడవ వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. సొంత బొమ్మ అమ్ముకునే మామూలు మనిషి మీద అది పెద్దగా పనిచేయదు.

ఈబే ఇండియా సైటు 2018లోనే మూతపడింది. ఇప్పుడు అక్కడ కొనడమంటే విదేశం నుంచి తెప్పించడమే. స్కేల్ మోడళ్లు కూడా బొమ్మల కిందికే వస్తాయి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పాట పెట్టే రోజున ఎంత ఉందో చూసుకోండి. సుంకం వస్తువు ధర మీద మాత్రమే కాదు, రవాణా ఖర్చు కలిపి పడుతుంది. 60 డాలర్ల ఇంజన్, 20 డాలర్ల రవాణా అయితే లెక్క 80 మీద. ఆ 70 శాతమే పడితే 56 కలిపి 136, దానిపైన ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల ఫీజు. 'చవగ్గా 60 డాలర్లకే' అన్నది ఇల్లు చేరేసరికి రెండింతలు దాటుతుంది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి కావడంతో ఆ పేరుతో పార్సిల్ ఆగే అవకాశం కూడా ఉంది.

సెట్ ఇంటికి వచ్చాక పెట్టె విప్పడం నుంచి ఆపకుండా వీడియో తీయండి. వెంటనే ట్రాక్ మీద పెట్టి కరెంటు ఇవ్వకండి. మల్టీమీటర్‌తో ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య చూస్తే కంటిన్యుటీ (కరెంటు దారి) ఉండకూడదు. వెర్నియర్‌తో చక్రాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి: ఓఓకు 14.5 మి.మీ., హెచ్‌ఓకు 14.4 దగ్గర. తగ్గితే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర పట్టా తప్పుతుంది. తర్వాత 12 వోల్టుల డీసీ అడాప్టర్ తీసుకుని, ఒక వైరుకు మధ్యలో బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 10 వాట్లది, సిరీస్‌లో కలపండి. ఇంజన్‌ను వెల్లకిలా పట్టుకుని చక్రాలకు తాకించండి. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మోటారు కాలదు. బల్బు కొద్దిగా ఎర్రబడి చక్రాలు తిరిగితే మోటారు బాగుంది. ఇది నడవని ఇంజన్‌ను తిరిగి పంపడానికి సాక్ష్యం కూడా.

శుభ్రం చేయడానికి మెడికల్ షాపు స్పిరిట్ కన్నా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది, సెల్ ఫోన్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. దాన్ని రంగు మీద పడనివ్వకండి. పెట్రోలు, థిన్నరు వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. పట్టాలకు, చక్రాలకు గరుకు కాగితం వేస్తే గీతల్లో మురికి ఇంకా తొందరగా చేరుతుంది. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికాలం తెల్లవారుజామున అది గడ్డకట్టి మోటారును బిగించేస్తుంది. ప్లాస్టిక్‌కు హాని చేయని సన్నటి ఆయిల్, సూది మొనకు అంటినంత, బేరింగుకు ఒక్క చుక్క. ఎక్కువైతే కమ్యుటేటర్ (మోటారులో బ్రష్‌లు తాకే భాగం) మీదికి పాకి బ్రష్‌లను పాడుచేస్తుంది.

పెట్టెలో పాత ఫోమ్ ఉంటే తీసేయండి. అది జిగురుగా మారి రంగుకు అంటుకుంటుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టినా ఎండకు దాని గుండ్రటి అచ్చులు రంగు మీద పడతాయి, మధ్యలో మెత్తటి టిష్యూ కాగితం ఉండాలి. ఈ మాట అమ్మేవారికి పంపించేముందే చెప్పండి.

సెట్టులో మిగిలినవి రెండు. అమెరికా పవర్ ప్యాక్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. దానికి సున్నా విలువ కట్టండి. నల్ల దిమ్మె ట్రాక్ బాచ్‌మన్‌దైతే దాని పట్టాలు స్టీలువి, బూడిద రంగు దిమ్మెవి నికెల్ సిల్వర్‌వి. అయస్కాంతం అంటుకుంటే స్టీలే. తుప్పు లేకపోతే ప్రాక్టీసుకు పనికొస్తుంది, తుప్పు పట్టుంటే దానికి రవాణా డబ్బు పెట్టడం కూడా దండగ.

కాబట్టి అమ్మేవారికి ఈ రోజే నాలుగు అడగండి: కింది భాగం ఫొటో, ముందునుంచి ఒక ఫొటో, స్కేలు పెట్టిన కోచ్ ఫొటో, తేదీతో నడిచే వీడియో. రేపు సాయంత్రానికి రాకపోతే పాట నుంచి తప్పుకోండి. అన్నీ వచ్చి, ఇరుసుల ఎడం సరిగ్గా ఉండి, కోచ్ 245కు దగ్గరగా తేలి, టిక్ శబ్దం లేకుండా ఇంజన్ నడిస్తే మాత్రం ఇండియన్ మోడల్ కాబట్టి కొంత ఎక్కువ పెట్టొచ్చు, కాగితం మీద రాసుకున్న గరిష్ఠ పాటను మాత్రం దాటనివ్వకండి. కోచ్‌లకు బఫర్లు, కప్లింగులు విరిగి ఉంటే కంగారు పడొద్దు, విదేశీ స్పేర్లు సరిపోతాయి. ఇంజన్ కిటికీ ఫ్రేములు, హ్యాండ్ రెయిల్స్ పోయి ఉంటే మాత్రం రేటు తగ్గించండి, ఇండియన్ బాడీలకు అవి విడిగా దొరకడం చాలా కష్టం.